ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇతరుల సాయం అడగడం ఎలా?

ఆసుపత్రిలో చేరేది ఒక్కరే అయినా, ఆ రోజు నుంచి ఇల్లంతా రెండు చోట్ల బతకవలసి వస్తుంది. వార్డు దగ్గర ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, మందుల చీటీ పట్టుకుని వరుసలో నిలబడాలి, ఇంటి దగ్గర పిల్లలకు వేళకు అన్నం పెట్టాలి. చూడడానికి వచ్చిన ప్రతివారూ వెళ్లేటప్పుడు “ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పండి” అంటారు. మనం “అలాగేనండీ” అని తల ఊపి, ఎవరినీ ఏమీ అడగం. మా నాన్నగారికి శస్త్రచికిత్స జరిగినప్పుడు నేను పదకొండు రోజులు అలాగే ఒంటరిగా నెట్టుకొచ్చి, పన్నెండో రాత్రి ఆయన పక్కన కుర్చీలోనే నిద్రపోయాను. సెలైన్ సీసా ఖాళీ కావడం పక్క మంచం రోగి భార్య చూసి నర్సును పిలిచింది. ఒక గంట చూస్తూ ఉండమని అంతకుముందే అడిగి ఉంటే ఆవిడ సంతోషంగా చూసేది.

1. ముందు పనులు కాగితం మీద రెండు వరుసలుగా రాయండి.

డాక్టరుతో మాట్లాడడం, సంతకాలు పెట్టడం వంటివి ఇంటివాళ్లే చేయాలి. రాత్రి ఆసుపత్రిలో తోడు పడుకోవడం, క్యారేజీ తేవడం, పిల్లలను బడి నుంచి తీసుకురావడం, పాలు పితకడం వంటివి ఎవరైనా చేయగలరు. ఈ రెండో వరుస చూసుకుంటే ఎంత బరువు దించుకోవచ్చో తెలుస్తుంది.

2. ఒక మనిషిని, ఒక పనిని, ఒక వేళను కలిపి అడగండి.

“కాస్త సాయం కావాలి” అంటే ఎదుటివారికి ఏం చేయాలో తోచదు. మంచి మనసున్నవారు కూడా అక్కడే ఆగిపోతారు. “పిన్నిగారూ, మంగళ, గురువారాలు మధ్యాహ్నం నాన్నగారికి జావ, మా ఇద్దరికి అన్నం క్యారేజీ కట్టి ఇవ్వగలరా? పన్నెండింటికి మా అబ్బాయి వచ్చి తీసుకెళ్తాడు” అని అడిగితే, ఔననడానికీ కుదరదనడానికీ ఆవిడకు వీలుంటుంది. కుదరదంటే నొచ్చుకోకుండా మరొకరిని అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదని పెద్దలు ఊరికే అనలేదు. ఆకలి కనిపెట్టే అమ్మకే అడగవలసి వస్తే, వార్డు బయట ఉన్నవారికి మన ఇబ్బంది దానంతటదే ఎలా తెలుస్తుంది?

3. రక్తం కావలసి వస్తే వివరాలన్నీ ఒకేసారి చెప్పండి.

రక్తవర్గం, ఎన్ని యూనిట్లు, ఏ బ్లడ్ బ్యాంకు, ఏ రోజులోగా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి లేని సందేశం వంద గ్రూపులు తిరిగినా దాతను రప్పించలేదు. దాతకు 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు ఉండాలి. ఒకసారి రక్తం ఇచ్చాక పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. ఇది తెలిసి అడిగితే, పోయిన నెలలోనే ఇచ్చిన మనిషిని మొహమాటపెట్టే పరిస్థితి రాదు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు కావలసి వస్తే, అవి సాధారణంగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు కనుక, దాతలందరినీ ఒకే పూట పిలవకుండా ఎవరు ఏ రోజుకు సిద్ధంగా ఉంటారో రాసిపెట్టుకోండి. అవసరం తీరగానే “దొరికింది” అని అదే గ్రూపులో తప్పక రాయండి; లేకపోతే మరొకరికి అందవలసిన దాత మీకోసం బయలుదేరతాడు. కేస్ షీటు ఫొటో మాత్రం పెట్టకండి, అది రోగి సొంత విషయం.

4. డబ్బు విషయంలో మొదట ఆసుపత్రిలోనే అడగండి.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వర్తించే ఆసుపత్రుల్లో, ఏ చికిత్స పథకం కిందికి వస్తుందో, ఏ కాగితాలు కావాలో చెప్పడానికి సహాయ కేంద్రం ఉంటుంది. వాకబు చేయడానికి జంకి అప్పులపాలైన కుటుంబాలను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ తరువాత చేబదులు తప్పనిసరైతే, ఎంత కావాలో, ఎప్పటికి తీర్చగలరో అడిగేటప్పుడే చెప్పండి; గడువుకు కుదరకపోతే వారు అడగకముందే మీరే ఫోన్ చేయండి.

5. చేసినవారికి కబురు చెప్పండి.

జావ తాగిన రోజు “ఈ పూట గిన్నె ఖాళీ చేశారు పిన్నిగారూ” అని ఒక్క మాట చేరవేస్తే, ఆవిడ మర్నాడు ఏం పంపాలో తనే ఆలోచిస్తుంది. క్యారేజీ కడిగి పంపండి. మన ఇళ్లలో గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు కదా అని ఆ హడావుడిలో అందులో పెట్టడానికి ఏదో ఒకటి వెతుక్కోనవసరం లేదు. నాన్నగారు ఇంటికి వచ్చాక ఆయన చేతనే నాలుగు పండ్లు పంపించవచ్చు.