హోమ్ పిల్లల చదువు లక్ష్యం ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

మహబూబ్‌నగర్‌లో, ఇంట్లో చూసుకునే వీలులేని పిల్లలుండే ఒక బాలుర హోమ్‌లో సాయంత్రం పూట చదువు చెబుతాను. పిల్లల లక్ష్యం ముందుకు కదలనప్పుడు నేను చూసుకునేవి ఇవి.

సమస్య: "ఏమైతవు బిడ్డా?" అంటే "పోలీస్" అని టక్కున చెబుతాడు. పుస్తకం మాత్రం తెరవడు.

కారణం: హోమ్‌కి వచ్చినవాళ్లంతా అదే అడుగుతారు. అది వాళ్ల కోసం నేర్చుకున్న జవాబు. అసలు అడ్డు ఇంకా కింద ఉంటుంది. అమ్మానాన్నల వెంట ఇటుక బట్టీలకు వలస పోయొచ్చిన ఒక పిల్లాడు వయసును బట్టి ఏడో తరగతిలో కూర్చున్నాడు. వెయ్యి ఇటుకలకు ఇంత అని చెబితే మూడున్నర వేలకు కూలి ఎంతో నోటితోనే లెక్కగట్టేవాడు. 403లోంచి 178 తీసేయమంటే పెన్ను కింద పెట్టేసేవాడు. సున్న దగ్గర అప్పు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో వాడికి ఎవరూ చూపించలేదు.

పరిష్కారం: ఏది వచ్చో, ఏది రాదో పక్కన కూర్చుని చూడండి. రెండు వారాల్లో అయ్యే పని ఒక్కటే పెట్టి, వాడి మాటల్లో వాడితోనే రాయించండి. మావాడు "సున్న ఉన్న తీసివేతలు, పదిట్ల ఎనిమిది" అని రాసుకున్నాడు. మొదటి శనివారం మూడు వచ్చాయి, తర్వాత ఆరు. ఇంకో వారం గడువిచ్చాం, లక్ష్యం తగ్గించలేదు. పోలీస్ కోరికను కొట్టిపారేయకండి, దాన్నీ అలాగే ఉండనివ్వండి. వయసుకు తగ్గ తరగతిలో చేరిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. హెడ్మాస్టర్‌ని అడగండి.

సమస్య: బాగా చదివేవాడు, పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లే తేదీ దగ్గరపడగానే అన్నీ వదిలేస్తాడు.

కారణం: ఇక్కడే ఉంచుతారో, ఊరికి పంపుతారో అన్న టెన్షన్. దాన్ని మొండితనం అనుకుని తిట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

పరిష్కారం: మీకు తెలిసింది దాచకుండా చెప్పండి. లక్ష్యాన్ని వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో (ఒక్కో పిల్లాడికి విడిగా రాసే ప్రణాళిక) రాయించి, ఊరికి పంపితే నోటు పుస్తకాలు వాడితోనే పంపండి. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యమైందని అక్కడి సర్కారు బడి చేర్చుకోకుండా ఆపకూడదు.

సమస్య: పదిహేడేళ్లవాడు "పద్దెనిమిది నిండితే పంపిస్తరు గద సార్, ఇంక చదివి ఏం జెయ్యాలె?" అంటాడు.

కారణం: బయట ఏముందో వాడికి ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం: 2015 బాల న్యాయ చట్టంలో 18 నిండి హోమ్ వదిలేవాళ్లకు 21 ఏళ్ల వరకు అనంతర సంరక్షణ, అంటే హోమ్ వదిలాక కూడా ఆసరా, ఉంది. పదహారేళ్లప్పుడే జిల్లా బాలల సంరక్షణ విభాగంతో మాట్లాడండి. ఆధార్, కులం సర్టిఫికెట్ ముందే తీయించండి. పది ఆగిపోతే ఓపెన్ స్కూల్ ఉంది. ఐటీఐ గురించి చెప్పి వదిలేయకుండా తీసుకెళ్లి చూపించండి. నేను తీసుకెళ్లినవాడు లేత్ మిషన్ దగ్గర చాలాసేపు నిలబడి, "ఈడ హాస్టల్ ఉంటదా సార్?" అని ఒక్కటే అడిగాడు. ఆ సాయంత్రం వాడి ప్రణాళికలో కోర్సు పేరు కంటే ముందు అదే రాసుకున్నాం.