పిల్లలతో ఆటకి బయటికెళ్తున్నారా? కొలత వాళ్లది పెట్టుకోండి

సెలవు రోజు పిల్లల్ని ఆడిద్దామని హుషారుగా బయల్దేరి, సాయంత్రానికి ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఇంటికొచ్చే కుటుంబాలు తక్కువేం కాదు. ఎక్కడ తేడా కొట్టిందా అని చూస్తే చాలాసార్లు కారణం ఒకటే, అన్నీ పెద్దవాళ్ల కొలతలో పెట్టుకుంటాం. బంతి మన సైజుది, రూల్స్ మనకు తెలిసినవి, ఉండాల్సిన టైమేమో "ఇంత దూరం వచ్చాం, అప్పుడే వెళ్లిపోతామా" అన్న లెక్కన. కొలత పిల్లలది పెట్టుకుంటే సగం గొడవ అక్కడే తగ్గిపోతుంది.

ముందు టైమ్ సంగతి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. సగటే కదా అని ఆదివారం నాలుగైదు గంటలు గ్రౌండ్‌లో నిలబెట్టి వారం బాకీ మొత్తం తీర్చేద్దామనుకుంటే మాత్రం మొదటి గంటకే చేతులెత్తేస్తారు. మామూలు రోజుల్లో ఇంటి దగ్గరే కాసేపు, సెలవు రోజు ఇంకాస్త ఎక్కువ, అలా అయితేనే నడుస్తుంది. 3, 4 ఏళ్ల వాళ్ల లెక్క వేరు, రోజంతా కలిపి 180 నిమిషాలు. కంగారు పడకండి, ఆ వయసులో నడక, పరుగు, ఎక్కడం, గెంతడం అన్నీ అందులోకే వస్తాయి కాబట్టి పనిగట్టుకుని ఆట నేర్పించక్కర్లేదు, ఖాళీ స్థలం చూపించి వెనకాల ఉంటే చాలు. ఇక మన వంతు వారానికి కనీసం 150 నిమిషాలు, బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటే అవి రావు, వాళ్లతో పాటు పరిగెడితే వాటంతటవే వస్తాయి.

వస్తువుల దగ్గర చాలామంది "ఎలాగూ పెరుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది కొంటారు. బట్టలకి ఓకే, ఆట సామానుకి వద్దు. ఫుట్‌బాల్ అయితే 8 ఏళ్ల లోపు వాళ్లకి సాధారణంగా 3వ నంబరు, 8 నుంచి 12 దాకా 4, ఆ తర్వాతే 5. బాస్కెట్‌బాల్ రింగు అసలు ఎత్తు 3.05 మీటర్లు, చిన్నపిల్లలు ఆడే మినీ బాస్కెట్‌బాల్‌లో దాన్ని 2.6 మీటర్లకి దించుతారు. టెన్నిస్‌లో ఎర్రది, నారింజది, ఆకుపచ్చది అని నెమ్మదిగా వెళ్లే బంతులుంటాయి, ఎర్రది మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి 10 ఏళ్ల లోపు పిల్లల పోటీలకి ఇలాంటి బంతులే వాడాలని రూల్ పెట్టింది, పోటీల్లోనే అలా ఉంటే సరదాగా ఆడే మనకెందుకు గట్టి బంతి? రాకెట్ కూడా అంతే, పొడవైనది ఇస్తే పిల్లలు దాన్ని మోయలేక పిడి పైదాకా పట్టుకుని ఆడతారు, ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టం.

షటిల్ విషయంలో ఇంకో చిక్కుంది. కాక్ బరువు 4.74 నుంచి 5.50 గ్రాముల మధ్యే ఉండాలి, అంటే కాస్త గాలి వీచినా దాని దారిన అది పోతుంది. ఆరుబయట ఆడి, తగల్లేదని పిల్లల్ని విసుక్కోవడం అన్యాయం. గాలి లేని వేళ చూసుకోండి, లేదా ఆ రోజుకి ఫ్రిస్బీ తీయండి. మరీ చిన్నవాళ్లయితే ముందు బెలూన్‌తో మొదలుపెట్టండి, అది నెమ్మదిగా దిగుతుంది కాబట్టి చూసి కొట్టడం అనే పని చేతికి అలవాటవుతుంది.

సైకిల్ నేర్పడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే తండ్రుల నడుములు విరుగుతాయి. పక్కన చిన్న చక్రాలు బిగిస్తే పిల్లలు తొక్కడం నేర్చుకుంటారు గానీ బ్యాలెన్స్ నేర్చుకోరు, ఎందుకంటే సైకిల్ అసలు పక్కకి వంగదు. దానికన్నా పెడల్స్ రెండూ ఊడదీసేయండి. కుడివైపుది మామూలు మరే, గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిప్పితే వస్తుంది, ఎడమవైపుది మాత్రం తిరగేసి ఉంటుంది, ముల్లు తిరిగే దిశలోనే తిప్పాలి. ఇది తెలీక బలమంతా పెట్టి మర పాడుచేసుకునేవాళ్లు ఉంటారు. తర్వాత సీటు బాగా దించండి, కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. నున్నగా ఉండి, ఉందా లేదా అన్నంత వాలు ఉన్న చోటు చూసి కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లమనండి. ముందు అడుగులేస్తారు, కాసేపటికి పొడవైన అంగలేస్తారు, ఆ తర్వాత కాళ్లు పైకెత్తి జారతారు, మీరేం చెప్పక్కర్లేదు. ఈలోపు బ్రేకు నొక్కి ఆగడం మాత్రం తప్పకుండా నేర్పండి, వేళ్లు బ్రేకుకి అందుతున్నాయో లేదో చూసుకోండి. కాళ్లెత్తి అలా కొంత దూరం హాయిగా వెళ్లగలుగుతున్నప్పుడే పెడల్స్ తిరిగి బిగించండి. పట్టుకోవాల్సి వస్తే హ్యాండిల్ పట్టుకోకండి, బ్యాలెన్స్ మొత్తం మీ చేతిలోకి వచ్చేస్తుంది. వెనక నుంచి భుజాల దగ్గరో చంకల కిందో తేలిగ్గా పట్టుకోండి, చూపు చక్రం మీద కాకుండా ముందుకి ఉండమనండి.

హెల్మెట్ నుదురు కనిపించేలా వెనక్కి పెట్టుకుంటే లాభం లేదు. కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉండాలి, పక్క పట్టీలు చెవుల కింద వీ ఆకారంలో కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లకి మించి సందు ఉండకూడదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి.

పార్కులో అందరం ప్రేమగా చేసే పనులు రెండున్నాయి, రెండూ ఎముకలకి మంచివి కావు. ఒకటి, చిన్నపిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారుడు బల్ల మీద జారడం. పిల్ల బూటు పక్క అంచుకి పట్టేస్తే కాలు అక్కడే ఆగిపోతుంది, మన బరువు మాత్రం కిందికి లాగుతుంది, మోకాలి కింద ఎముక విరిగేది అలాగే. ఒంటరిగా జారితే అంత బరువు పడదు కాబట్టి కాలు విరిగేంత పని సాధారణంగా జరగదు. పిల్ల సొంతంగా జారలేకపోతే ఆ బల్ల ఆ పిల్లకి పెద్దదనే అర్థం. రెండోది, చెరో చెయ్యి పట్టుకుని గాల్లోకి ఊపడం. ఐదేళ్ల లోపు పిల్లల్లో మోచేతి దగ్గర ఎముకని పట్టి ఉంచే కట్టు ఇంకా వదులుగా ఉంటుంది, లాగితే కీలు జారుతుంది. పిల్ల ఉన్నట్టుండి చెయ్యి కదపకుండా వేలాడేసుకుని ఏడుస్తుంటే మీరు సరిచేయాలని చూడకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ఆయన నిమిషంలో సర్దేస్తారు. ఎత్తాలనిపిస్తే చంకల కింద పట్టుకుని ఎత్తండి. ఇంకొకటి, ఎండలో ఉన్న ఇనుప జారుడు బల్లని ముందు మీ చేత్తో తాకి చూడండి.

ఎండ ఎంత ఉందో తేల్చుకోవడానికి మీ నీడ చూసుకోండి. మీకంటే పొట్టిగా ఉందంటే ఆ టైమ్‌లో చెట్టు కింద ఆటలే. ఉరుము వినపడిందంటే మాత్రం బేరాల్లేవు, చెట్టు కిందకి కాదు, భవనంలోకో కారులోకో వెళ్లిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ గ్రౌండ్.

నీళ్ల దగ్గర ఒక్కటే రూల్, ఈత సరిగ్గా రాని పిల్లలు మన చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. మునిగిపోయే పిల్లలు అరుస్తారనీ చేతులు ఊపుతారనీ అనుకుంటాం, చాలాసార్లు చప్పుడే ఉండదు. చేతులకి తొడిగే గాలి బుడగలు ఆట వస్తువులే, లైఫ్ జాకెట్ కాదు. నలుగురైదుగురు పెద్దవాళ్లు కలిసి వెళ్లినప్పుడు ఇంకా జాగ్రత్త, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. ఫలానా వాళ్లు ఇప్పుడు చూడాలి అని పేరు పెట్టి చెప్పుకోండి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, కాసేపయ్యాక మారండి.

తల్లిదండ్రులు ఆట చెడగొట్టేది ఎక్కువగా నోటితోనే అని నా అభిప్రాయం. "చెయ్యి అలా కాదు, మోకాలు వంచు, బంతిని చూడు" అని ఊపిరాడకుండా చెప్తే ఎవరికైనా విసుగే. ఒక రోజుకి ఒక్క మాట సరిదిద్దండి, మిగతాది వదిలేయండి. చిన్నవాళ్లతో పాయింట్లు పెట్టకుండా, బంతి కింద పడకుండా ఇద్దరం కలిసి ఎన్నిసార్లు కొట్టామో లెక్కపెట్టండి, ఓడిపోయేవాళ్లే ఉండరు. అక్కాతమ్ముళ్ల మధ్య వయసు తేడా ఎక్కువుంటే పెద్దదాన్ని కావాలని ఓడిపోమని కళ్లతో సైగ చేయొద్దు, చిన్నోడు ఇట్టే పసిగడతాడు. పెద్దదాన్ని ఎడం చేత్తో ఆడమనో, తను కొట్టాల్సిన గోల్ చిన్నది చేసో నిజంగానే ఆడనివ్వండి. మీకూ అదే రూల్.

బ్యాగులో నీళ్లు, టోపీ, ఒక జత బట్టలు, తువ్వాలు, దెబ్బకి వేసే పట్టీలు ఉంటే సరిపోతుంది. నీళ్లు దాహం అన్నాక ఇవ్వడం కాదు, ఆట మధ్యలో మీరే పావుగంటకి ఒకసారి గుర్తుచేయండి. కాలు బెణికితే ఐస్‌ని గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టండి. తలకి గట్టి దెబ్బ తగిలితే "బాగానే ఉన్నా" అన్నా ఆ రోజుకి ఆట బంద్. వాంతులు, మగత, తికమకగా మాట్లాడటం, తలనొప్పి పెరగడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి.

ఇక ఇంటికి బయల్దేరడం, అన్నిటికన్నా టెన్షన్ ఇదే. పిల్లలు అలిసిపోయి పేచీ మొదలుపెట్టేదాకా ఆగొద్దు, ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ముగించండి. "ఇంకో ఐదు నిమిషాలు" అంటే చిన్నవాళ్లకి అర్థం కాదు, "ఇంకో మూడుసార్లు జారి వెళ్దాం" అనండి, లెక్క వాళ్లనే పెట్టమనండి, మూడంటే మూడే. దార్లో నిద్రపోయే వయసైతే బండి ఎక్కకముందే కాళ్లు కడిగి బట్టలు మార్చేయండి, ఇంటికొచ్చాక లేపి మార్చే పని ఉండదు.