పాత డిజైర్ సొంత సర్వీసింగ్ – 7వ పాఠం: కూలెంట్ మార్చాక బండి ఎందుకు వేడెక్కింది?

ఈ వారం బ్రేక్ ప్యాడ్లు విప్పాల్సింది. దాన్ని వాయిదా వేస్తున్నాను. ఆరో పాఠం చూసి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చినవాళ్లలో చాలామందికి మర్నాడే టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కింది. కొందరు కంగారుపడి బండిని షెడ్డుకు తీసుకెళ్తే, అక్కడ థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పీకేసి "ఇక వేడెక్కదు సార్" అని పంపించారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ రెండో సంగతి. దాని గురించి తీరిగ్గా చెబుతాను. ముందు బండిని దారిలో పెడదాం.

మన పాఠాల బండి 2010లో వచ్చిన 1.2 లీటర్ కె-సిరీస్ పెట్రోల్ డిజైర్. డీజిల్ డిజైర్, యాక్సెంట్, ఇండిగో, ఎటియోస్ ఉన్నవాళ్లకూ సూత్రం ఇదే. పైపుల దారి, మూత ఉండే చోటు మాత్రం మారతాయి.

ఇరుక్కున్న గాలి

నాకు రాసినవాళ్ల బండ్లలో లక్షణాలు దాదాపు ఒకటే. పది నిమిషాలు బాగానే నడిచింది, తర్వాత ముల్లు ఒక్కసారిగా లేచింది, మళ్లీ దిగింది. రిజర్వాయర్ డబ్బాలో బుడగలు వచ్చాయి. హీటర్ పెడితే చల్లటి గాలే వచ్చింది. ఇది ఎయిర్ లాక్. బండి పాడవలేదు, గాలి బయటికి పోలేదు, అంతే.

పాత కూలెంట్ దించినప్పుడు ఇంజన్ బ్లాకులోకి, దాని పైనుండే హెడ్‌లోకి, డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న హీటర్ రేడియేటర్‌లోకి గాలి చేరుతుంది. కొత్తది గబగబా పోస్తే ఆ గాలి ఎత్తుగా ఉన్న చోట్ల కూర్చుంటుంది. వాటర్ బాడీ (కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు) నీటిని తోయగలదు కానీ గాలిని తోయలేదు. టెంపరేచర్ సెన్సర్ చుట్టూ గాలి ఉంటే అది సరైన వేడి చెప్పదు, ఫ్యాన్ కూడా సమయానికి తిరగదు. ముల్లు ఎగరడం, దిగడం అందుకే.

చాలామంది డబ్బాలో మాత్రమే కూలెంట్ పోసి, అది నిండింది కాబట్టి పని అయిపోయిందనుకున్నారు. ఈ బండిలో డబ్బా వేరు, రేడియేటర్ వేరు. ముందు రేడియేటర్ మూత తీసి, అక్కడి నుంచే పోయాలి. డబ్బాలో చివరికి రెండు గీతల మధ్యకు వచ్చేంత చాలు.

ఇప్పుడు సరిచేసే పద్ధతి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే ముట్టుకోవడం నాకు ఇష్టం. వేడి మీద మూత తిప్పితే కూలెంట్ ముఖానికి చిమ్ముతుంది. ముందు చక్రాలు కొంచెం ఎత్తులో ఉండేలా వాలు మీద ఆపండి, మూత నోరే అన్నిటికంటే పైన ఉండాలి. హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. రెండు లీటర్ల నీళ్ల సీసా అడుగు కోసేసి తలకిందులుగా మూత చోట బిగించి, దాన్ని గరాటుగా వాడండి. చాలామంది కొనుక్కునే గరాటు కన్నా నాకు ఇదే నచ్చుతుంది, లోపల మట్టం కనిపిస్తుంది కాబట్టి.

నెమ్మదిగా పోస్తూ పెద్ద హోస్ పైపును చేత్తో పిసకండి. బుడగలు పైకి వస్తాయి. ఆగాక ఇంజన్ స్టార్ట్ చేసి, హీటర్ నాబ్ వేడి వైపు పూర్తిగా తిప్పి, బ్లోయర్ చిన్నగా పెట్టండి. కొన్ని బండ్లలో ఆ నాబ్ నీటి దారిని తెరుస్తుంది, కొన్నిట్లో గాలి రెక్కను మాత్రమే కదుపుతుంది. ఏదైనా సరే, వెంట్లోంచి వేడి గాలి వస్తోందా లేదా అన్నదే మనకు పరీక్ష. ఏసీ వేయకండి, అది వేస్తే ఫ్యాన్ తన లెక్క కాకుండా ఏసీ లెక్కతో తిరుగుతుంది.

రెండు పెద్ద పైపుల్లో ఒకటి ముందు వేడెక్కుతుంది. రెండోది కూడా వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. సరిగ్గా అప్పుడే గరాటులో మట్టం దిగుతుంది, ఆ దిగినంతా పోయండి. బుడగలు ఆగాక గరాటు తీసి మూత బిగించండి. ఫ్యాన్ తనంతట తాను తిరిగి ఆగడం రెండుసార్లు చూడండి. ఆ తర్వాత ఒక చిన్న చుట్టు తిప్పి, బండిని ఆపి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌లో మట్టం మళ్లీ చూడండి. ఎంతో కొంత దిగే ఉంటుంది.

డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ మాత్రం రోజూ దిగుతుంటే మూతను అనుమానించండి. మూతలో రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి వేడికి పెరిగిన ఒత్తిడిని డబ్బాలోకి వదులుతుంది. రెండోది చల్లారేటప్పుడు డబ్బా నుంచి కూలెంట్‌ను వెనక్కి లాక్కుంటుంది. రబ్బరు గట్టిపడితే ఈ రెండో పని జరగదు. మూత మీద 0.9 లేదా 1.1 అని అంకె ఉంటుంది, మూత ఎంత ఒత్తిడిని ఆపుతుందో చెప్పేది అదే, అదే అంకె ఉన్న కొత్తది కొనండి. నీరు మామూలుగా 100 డిగ్రీలకు మరుగుతుంది, 0.9 బార్ ఒత్తిడి కింద దాదాపు 119కి. పాడైన మూతతో ఆ తేడా అంతా పోతుంది.

రెడీమిక్స్‌లో నీళ్లు కలిపినవాళ్లకు

కూలెంట్ రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి కాన్సంట్రేట్, సమానంగా నీళ్లు కలపాలి. ఇంకోటి రెడీమిక్స్, కలిపే అమ్ముతారు. రంగు చూసి ఏది ఏదో తేల్చకండి, డబ్బా మీద రాసింది చదవండి. రెడీమిక్స్‌లో మళ్లీ సమానంగా నీళ్లు కలిపితే అసలు కూలెంట్ మిగిలేది పావు వంతే.

ఇంకో ఇబ్బంది ఉంది. నీళ్లతో ఫ్లష్ చేసినవాళ్లకు (లోపలంతా కడిగినవాళ్లకు) బ్లాకులో నీళ్లు మిగిలిపోతాయి. ఉదాహరణకు మొత్తం నాలుగు లీటర్లు పట్టే వ్యవస్థలో ఒకటిన్నర లీటరు నీళ్లు మిగిలాయనుకోండి. పైన రెండున్నర లీటర్ల రెడీమిక్స్ పోస్తే అసలు కూలెంట్ ఒకటింపావు లీటరే, అంటే 31 శాతం. కాబట్టి ఫ్లష్ చేశాక కాన్సంట్రేట్ కొనండి. ముందు రెండు లీటర్లు అది పోసి, మిగతా చోటు డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. సరిగ్గా సగం సగం వస్తుంది. మీ బండి అసలు అంకె మాన్యువల్‌లో చూసి లెక్క వేసుకోండి.

"మనకు మంచు కురవదు కదా, కూలెంట్ ఎందుకు?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. అల్యూమినియం హెడ్, రేడియేటర్ తుప్పు పట్టి తినేయకుండా చూసేవి అందులోని రసాయనాలు. మరిగే వేడిని పెంచేదీ అదే. నల్లగొండ వైపు బోరు నీళ్లు పోస్తే కెటిల్ అడుగున పేరుకున్నట్టే తెల్లటి సున్నం పొర రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది, తర్వాత నీళ్లతో ఎంత కడిగినా పోదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది.

దించిన పాత కూలెంట్‌ను రోడ్డు మీద, కాలువలో పారబోయకండి. అది విషం, రుచి తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకుతాయి. డబ్బాలో పోసి మూతపెట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇవ్వండి.

థర్మోస్టాట్ తీసేయకండి

ఇది నేను ఊళ్లలోనూ, హైదరాబాద్‌లోనూ చూస్తూనే ఉన్నాను. వేడెక్కిన బండి వస్తే మొదట పీకేది థర్మోస్టాటే. ముల్లు కిందికి దిగుతుంది, బండివాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. అసలు కారణం లోపలే ఉండిపోతుంది.

థర్మోస్టాట్ ఒక మైనపు గుళిక, ఒక స్ప్రింగు, ఒక చిన్న తలుపు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తలుపు మూసి ఉంటుంది, కూలెంట్ ఇంజన్ లోపలే తిరుగుతుంది, అందుకే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. దాని మీద కొట్టిన అంకె, ఎక్కువగా 82 లేదా 88 డిగ్రీలు, వచ్చేసరికి మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు కూలెంట్ రేడియేటర్‌కు వెళ్తుంది. చల్లబరచడం రేడియేటర్ పని. సరైన వేడి వచ్చేదాకా ఇంజన్‌ను చల్లబడకుండా చూడటం థర్మోస్టాట్ పని. ఈ రెండూ కలిస్తేనే ఇంజన్ ఒకే వేడి దగ్గర నిలుస్తుంది.

తీసేస్తే ఏమవుతుంది? డిసెంబరులో ఆదిలాబాద్ వైపు హైవే మీద వెళ్తే ఇంజన్ 60, 70 డిగ్రీల దగ్గరే తిరుగుతుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సెన్సర్ చూసి "ఇంకా చల్లగా ఉంది" అనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్‌ను కడిగేస్తుంది, తేమ ఆవిరవక ఆయిల్‌లో కలిసి బురదవుతుంది. పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరుగుతాయి. ఇదంతా నెలల తరబడి జరుగుతుంది కాబట్టి ఎవరూ ఆ రోజు చేసిన పనికి దీన్ని ముడిపెట్టరు.

మే నెలలో? అప్పుడైనా మేలు జరుగుతుందా? రేడియేటర్ ఎంత వేడి వదలగలదన్నది కూలెంట్‌కూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. శీతాకాలం కూలెంట్ 90, గాలి 30 అయితే తేడా 60. రామగుండంలో గాలి 45 అయితే తేడా 45. పైగా ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది, దాని వేడి కూడా కలిసిన గాలే రేడియేటర్‌కు అందుతుంది. మామూలు థర్మోస్టాట్ ఆ వేడికి ఎలాగూ పూర్తిగా తెరిచే ఉంటుంది. తెరిచి ఉన్న తలుపును పీకేస్తే పెద్దగా ఏమీ పెరగదు. కొన్ని ఇంజన్లలో అయితే ఇంకా నష్టం. వాటి థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు లోపలి బైపాస్ దారిని మూస్తుంది. అది లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత వేడి కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. ఘాట్ రోడ్డు మీద వేడి ఇంకా పెరుగుతుంది.

నిజంగానే మూసుకుపోయి ఇరుక్కున్న థర్మోస్టాట్లు ఉంటాయి. అప్పుడు మార్చాలి, తీసేసి వదిలేయకూడదు. ధర వందల్లోనే ఉంటుంది. కొత్తది పెట్టేటప్పుడు అంచున చిన్న రంధ్రం, అందులో ఊగే పిన్ను ఉంటే అది పైవైపుకు రావాలి, గాలి పోయే దారి అదే. రబ్బరు రింగు కొత్తది వేయండి. బిగించే రెండు బోల్టులను అతిగా లాగకండి, అవి దిగేది అల్యూమినియంలోకి. షెడ్డులో ఎవరైనా "ఇది లేకపోయినా పర్లేదు" అంటే, తీసిన వస్తువు తిరిగి ఇవ్వమని అడిగి తెచ్చుకోండి.

గాలి కానప్పుడు

రెండుమూడుసార్లు సరిగ్గా గాలి తీశాక కూడా బుడగలు ఆగకపోతే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా గట్టిపడితే, పొగ తెల్లగా తియ్యటి వాసనతో వస్తే, ఆయిల్ మూత కింద పాల రంగు పేరుకుంటే బ్లాకుకూ హెడ్‌కూ మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. అది ఈ పాఠాలతో చేసే పని కాదు. బండి నడపకండి, టోయింగ్ పెట్టుకోండి.

అభ్యాసం

ఈసారి పని కష్టంగానే ఇస్తున్నాను, చేయండి. మొదటిది, మీ థర్మోస్టాట్ విప్పి, లేదా షెడ్డు వాళ్లు తీసింది తెచ్చుకుని, దారంతో కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీయండి. గిన్నె అడుగుకు తగలకూడదు. వంటింటి థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద నెమ్మదిగా వేడి చేయండి. తలుపు ఎన్ని డిగ్రీలకు కదిలింది, నీళ్లు మరిగేటప్పుడు ఎంత తెరుచుకుంది, చల్లారాక పూర్తిగా మూసుకుందా, ఈ మూడూ రాసుకోండి. ఆ గిన్నె వంటకు మళ్లీ వాడకండి.

రెండోది, వారం రోజులు పొద్దున్నే చల్లటి బండి డబ్బా మీద మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టి తేదీ వేయండి. ముల్లు లేని మీటరైతే బండి కంప్యూటర్ అంకెలను ఫోన్‌లో చూపే చిన్న ఓబీడీ అడాప్టర్ పెట్టి, ట్రాఫిక్‌లో ఒకసారి, హైవే మీద ఒకసారి అంకె చూడండి. నడుపుతూ కాదు, పక్కవాళ్లను చూడమనండి. గీతలు రోజూ కిందికి దిగుతుంటే బ్రేకుల పాఠం మొదలుపెట్టకండి, ముందు హోస్ క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ అంచులు, వాటర్ బాడీ కింద తడి ఉందేమో టార్చిలైటు వేసి వెతకండి.