ఆఫీసు చేస్తూ క్యాట్‌కి చదువుతున్నారా? మార్కులు కదలకపోతే ఇలా వెతకండి

ఐఐఎంల లాంటి చోట్ల ఎంబీఏ సీటు కోసం రాసే పరీక్ష క్యాట్. దానికి చదివేవాళ్ల నుంచి ఏటా జూన్ నుంచి నవంబరు దాకా నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, రోజుకి మూడు గంటలు చదువుతున్నా, మాక్‌లో మార్కులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి." (మాక్ అంటే అసలు పరీక్షలాగే రాసే నమూనా పరీక్ష.) మాదాపూర్ పీజీ హాస్టల్లో ఉండే అబ్బాయి అదే అంటాడు, ఉప్పల్ నుంచి రోజూ వచ్చిపోయే చంటిపిల్ల తల్లి అదే అంటుంది. నేను మొదట అడిగేది ఒక్కటే: "పోయిన వారం ఏ రోజు ఎన్నింటికి కూర్చున్నావు, ఎన్నింటికి లేచావు? రాసుకున్న కాగితం ఉందా?" ఉండదు. రంగులు వేసిన ఎక్సెల్ షీట్ ఉంటుంది, రెండు కోచింగ్‌ల మెటీరియల్ ఉంటుంది, ఆ కాగితం మాత్రం ఉండదు.

ముందు అది రాయండి. ఏడు రోజులు చాలు. కూర్చున్న టైము, లేచిన టైము, మధ్యలో ఫోన్ ముట్టుకుంటే ఆ టైము. ఇది లేకుండా కింద రాసినవేవీ మీకు ఉపయోగపడవు, ఎందుకంటే మీ సమస్య ఏదో తేల్చేది ఆ కాగితమే.

పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలుసనే అనుకుంటున్నాను. మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ముందు వీఏఆర్‌సీ (ఇంగ్లిష్, ప్యాసేజీలు చదివి జవాబు చెప్పడం), తర్వాత డీఐఎల్‌ఆర్ (పట్టికలు, తర్కం మీద సెట్లు), చివర క్వాంట్ (లెక్కలు). ఒక సెక్షన్‌లో మిగిలిన టైము ఇంకోదానికి పనికిరాదు.

సమస్య: ప్లాన్ రెండో వారానికే ఆగిపోతోంది

కారణం: లేని గంటల మీద వేసిన ప్లాన్. ఆఫీసు ఆరింటికి అయిపోతుంది, ఏడింటికి ఇంట్లో ఉంటాను, ఎనిమిది నుంచి పదకొండు దాకా చదువుతాను అని రాసుకుంటారు. వాన పడిన సాయంత్రం హైటెక్ సిటీ దాటడానికే గంట పడుతుంది. క్లయింటు అమెరికాలో ఉంటే తొమ్మిదింటికి కాల్. ఆ మూడు గంటల్లో మిగిలేది ఎంతో మీకు తెలుసు.

పరిష్కారం: కాగితం మీద ఎన్ని గంటలు తేలాయో అన్నింటికే ప్లాన్ వేయండి. షీట్‌లో వారానికి 25 రాసుకున్నవాళ్లకి కాగితం మీద 11 తేలడం మామూలే. 11 గంటలకి వేసిన ప్లాన్ నవంబరు దాకా నడుస్తుంది, 25కి వేసింది జూన్‌లోనే చస్తుంది. రోజు లెక్క కాకుండా వారం లెక్క పెట్టుకోండి, మంగళవారం పోతే గురువారం పూడ్చుకోవచ్చు. ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచండి.

ఇంకోటి, ప్లాన్ వేసేటప్పుడు క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. క్యాట్ సాధారణంగా నవంబరు చివరి ఆదివారాల్లోనే వస్తుంది. 2023లో 26న, 2024లో 24న, 2025లో 30న జరిగింది. దానికి ముందు మూడు నెలల్లోనే వినాయక చవితి, దసరా, దీపావళి. నవరాత్రుల మైకు మీ కిటికీ కిందే ఉంటే నిమజ్జనం దాకా ఇంట్లో సాయంత్రం చదువు లేనట్టే. దసరాకి ఊరు వెళ్లకుండా ఉండరు, ఉండమని నేనూ చెప్పను. ఆ రోజులు ముందే కొట్టేసి, కాన్సెప్టులన్నీ ఆగస్టు చివరికి ఒక దఫా అయిపోయేలా వెనక నుంచి లెక్క వేసుకోండి.

సమస్య: విడిగా చేస్తే లెక్కలు వస్తున్నాయి, మాక్‌లో రావట్లేదు

దీని దగ్గర కాస్త ఆగండి. నా రెండేళ్లు తినేసింది ఇదే.

అప్పట్లో నేను కేపీహెచ్‌బీలో ఉండేవాణ్ని, ఆఫీసు రాయదుర్గంలో. మెట్రోలో పోతూ వస్తూ ఫోన్‌లో లెక్కలు చేసేవాణ్ని. మధ్యాహ్నం తిన్నాక పావుగంట, రాత్రి పడుకునే ముందు అరగంట. రోజు మొత్తం కలిపితే రెండున్నర గంటలు దాటేది. టాపిక్ టెస్టుల్లో పదికి ఎనిమిది వచ్చేవి. మాక్ రాస్తే ఘోరం. కాన్సెప్టులు వీక్ అనుకుని ఇంకో కోర్సు కొన్నాను, అల్జీబ్రా మళ్లీ మొదటి నుంచి చేశాను. మరుసటి ఏడాది కూడా అదే మార్కు.

కాన్సెప్టులు బాగానే ఉన్నాయి. నేను ఏకబిగిన 40 నిమిషాలు కూర్చున్న రోజే లేదు.

మెట్రోలో ఏం జరుగుతుందో చూడండి. ఒక డీఐఎల్‌ఆర్ సెట్ తెరిచారు. గుండ్రని బల్ల చుట్టూ ఆరుగురు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు, ఐదు షరతులు. మూసాపేట దాటేసరికి రెండు సీట్లు తేలాయి. మూడోదానికి రెండు దారులున్నాయి, మొదటిది పట్టుకున్నారు. అమీర్‌పేటలో దిగాలి. జనంతో పాటు నడిచి రాయదుర్గం రైలెక్కి, నిలబడటానికి చోటు చూసుకుని ఫోన్ తీసేసరికి ఏ దారి పట్టుకున్నారో గుర్తులేదు. మళ్లీ మొదలుపెట్టే ఓపిక లేదు. సొల్యూషన్ నొక్కుతారు, చదువుతారు, "అవును కదా, ఇంతే కదా" అనిపిస్తుంది. లెక్కలో ఒక సెట్ పెరిగింది. కానీ ఆ సెట్‌లో కష్టమైన భాగం, అంటే తప్పు దారి అని తెలిశాక వెనక్కి వచ్చి రెండోది పట్టుకోవడం, మీరు చేయనేలేదు. పరీక్ష అడిగేది దాన్నే.

ఇది తొందరగా దొరకదు, ఎందుకంటే పైకి అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. గంటలు ఉన్నాయి, టాపిక్ టెస్టు మార్కులు ఉన్నాయి, సిలబస్ కదులుతోంది. మాక్‌లో తగ్గితే టెన్షన్ వల్ల అనుకుంటారు.

తేల్చుకునే పద్ధతి ఇది. మీ పోయిన రెండు మాక్‌ల రిపోర్టు తెరవండి. ఏ ప్రశ్న ఏ నిమిషంలో చేశారో అందులో ఉంటుంది. ప్రతి సెక్షన్‌నీ మొదటి 20 నిమిషాలు, రెండో 20 నిమిషాలుగా విడదీసి మార్కులు వేరుగా వేయండి. నా క్వాంట్‌లో మొదటి సగంలో ఆరు చేస్తే ఐదు కరెక్టు, రెండో సగంలో తొమ్మిది చేస్తే మూడు కరెక్టు. అన్నీ ఆప్షన్లున్న ప్రశ్నలే. సరైన దానికి 3, తప్పుకి మైనస్ 1 కాబట్టి మొదటి సగానికి 14, రెండో సగానికి 3. అదే మనిషి, అదే సబ్జెక్టు. రెండో సగంలో ప్రశ్నలు ఎక్కువ పట్టుకున్నాను కూడా. అలసిన బుర్ర ప్రశ్నని పూర్తిగా చదవకుండా దూకుతుందని అప్పుడే కళ్లారా చూశాను.

రెండు సగాలూ ఒకేలా తక్కువగా ఉంటే మీది నిజంగానే కాన్సెప్టుల సమస్య, వెళ్లి అవి చదువుకోండి. మొదటి సగం తక్కువ, రెండోది బాగుంటే మీకు వేడెక్కడానికి టైము పడుతోంది; మాక్‌కి ముందు పది నిమిషాలు తేలికైన లెక్కలు నాలుగు చేసి కూర్చోండి. మొదటిది బాగుండి రెండోది పడిపోతే మీదీ నా జబ్బే.

దీనికి మందు ఎక్కువ గంటలు కాదు. ఉన్న గంటలనే రెండు రకాలుగా విడదీయాలి.

ముక్కల టైము ఒకటి: మెట్రో, క్యాబ్, లంచ్ తర్వాత, ఆఫీసులో బిల్డ్ (రాసిన కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే పని) నడుస్తున్నంతసేపు. దీంట్లో పాత తప్పుల పుస్తకం తిరగేయండి, భిన్నాలకి శాతాలు గుర్తుచేసుకోండి, ఒక వ్యాసం చదవండి. కొత్త డీఐఎల్‌ఆర్ సెట్ మాత్రం తెరవకండి. ఒక్కటి కూడా వద్దు.

రెండోది ఏకబిగిన కూర్చునే టైము. దీనికి నియమాలున్నాయి, నేను వీటి దగ్గర ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఫోన్ వేరే గదిలో. ల్యాప్‌టాప్ మీదే, చేతిలో తెల్ల కాగితం, పెన్ను, ఎందుకంటే పరీక్ష కంప్యూటర్ మీద చదివి కాగితం మీద చేసేది. టైమర్ ఆపకూడదు. డోర్‌బెల్ మోగితే, కాల్ వస్తే వెళ్లండి, కానీ ఆ కూర్చోవడం లెక్కలోకి రాదు. వారం చివర గంటలు లెక్కపెట్టకండి, ఇలా ఎన్నిసార్లు తెగకుండా కూర్చున్నారో అది లెక్కపెట్టండి.

మొదటి రోజే 40 పెట్టుకుంటే చేయలేరు. మొదటి వారం 25 నిమిషాలు, తర్వాత 30, 35, నాలుగో వారానికి 40. వారంలో నాలుగుసార్లు కూర్చున్నా చాలు. 40 కుదిరాక శనివారాలు రెండు కలిపి 80, ఆ తర్వాత మూడు కలిపి 120.

ఈ కలపడంలో వరుస మార్చకండి. చాలామంది పొద్దున్నే తాజా బుర్రతో క్వాంట్ చేస్తారు, అది వచ్చేసిందనుకుంటారు. పరీక్షలో క్వాంట్ 81వ నిమిషంలో మొదలవుతుంది, అప్పటికే మీరు నాలుగు ప్యాసేజీలు, నాలుగైదు సెట్లతో కుస్తీ పట్టి ఉంటారు. కాబట్టి వారంలో రెండుసార్లయినా డీఐఎల్‌ఆర్ ముందు ఒక ప్యాసేజీ, క్వాంట్ ముందు ఒక సెట్ పెట్టుకుని చేయండి. మొదట్లో మార్కులు పడిపోతాయి. అది మీ అసలు మార్కు, భయపడకండి.

ఎక్కడ కూర్చోవాలి అనేది హైదరాబాద్‌లో పెద్ద ప్రశ్నే. పీజీ గదిలో ముగ్గురుంటే కుదరదు. షేరింగ్ గదిలో ఉండే ఒక అమ్మాయికి నేను చెప్పింది, ఆఫీసుకి గంటన్నర ముందు వెళ్లమని. ఏడున్నరకి ఫ్లోర్ మీద హౌస్‌కీపింగ్ వాళ్లు తప్ప ఎవరూ ఉండరు, రోడ్డూ ఖాళీ. దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ వైపు ఉంటే నెలకి కట్టే రీడింగ్ రూములు గల్లీకొకటి ఉన్నాయి. పక్కన గ్రూప్స్‌కి చదివేవాళ్లు గంటల తరబడి కదలకుండా కూర్చుని ఉంటే మనకీ లేవబుద్ధి కాదు. నైట్ షిఫ్ట్ వాళ్లు డ్యూటీ దిగిన వెంటనే ప్రయత్నించకండి, నిద్రపోయి లేచాకే.

ఐదారు వారాలు ఇలా చేశాక మళ్లీ రెండు సగాల లెక్క వేయండి. రెండో సగం 3 నుంచి 8కి వచ్చిందంటే కొత్త టాపిక్ ఒక్కటీ నేర్చుకోకుండానే మార్కులు వచ్చాయన్నమాట.

సమస్య: ఒక మాక్‌లో ఆకాశం, ఒక మాక్‌లో పాతాళం

కారణం చాలాసార్లు గడియారమే. ఒకటి ఆదివారం పొద్దున రాస్తారు, ఇంకోటి బుధవారం రాత్రి పదింటికి, డిన్నర్ తిని. ఆ రెండు మార్కుల్నీ పక్కపక్కన పెట్టకూడదు. పరీక్ష ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు స్లాట్లలో జరుగుతుంది, ఏది వస్తుందో అడ్మిట్ కార్డు వచ్చేదాకా తెలియదు. అందుకని మాక్‌లు వారాంతంలోనే, మూడు స్లాట్లలోనూ తిప్పి తిప్పి రాయండి. మీకు మధ్యాహ్నం మార్కులు తగ్గుతుంటే ఆ రోజు పప్పన్నం, పెరుగన్నం కడుపు నిండా తిని కూర్చున్నారేమో చూడండి. నిజంగానే అడుగుతున్నాను.

సమస్య: వీఏఆర్‌సీ ఎంత చదివినా పెరగట్లేదు

చదువుతున్నారు, కానీ జవాబు చెప్పట్లేదు. రోజూ ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదవడం మంచి అలవాటే, అయితే అందులో ప్రశ్నలుండవు. చదివిన ప్రతి ప్యాసేజీకీ, రాసినాయన ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో తెలుగులోనే రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదని. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇది ఇంకా బాగా పనిచేస్తుంది.

సమస్య: సిలబస్ అయ్యాక మాక్‌లు మొదలుపెడదామనుకుంటే సిలబస్ అవ్వట్లేదు

అవ్వదు. జూలై నుంచే పదిహేను రోజులకి ఒకటి రాయండి.

అరుదైనవి

కోచింగ్ మార్చాలా? దాదాపు ఎప్పుడూ అవసరం పడదు. మెటీరియల్ పాతదా? క్వాంట్ మారలేదు. కాలిక్యులేటర్ వల్ల టైము పోతోందా? స్క్రీన్ మీద మామూలు కాలిక్యులేటర్ ఉంటుంది, వారం వాడితే అలవాటవుతుంది. ఉద్యోగం మానేయాలా? మానేసినవాళ్లు ముగ్గురు నా దగ్గరికి వచ్చారు, ముగ్గురి రిపోర్టుల్లోనూ రెండో సగమే పోయింది. రోజంతా ఖాళీ ఉన్నా వాళ్లు చదివింది ముక్కల్లోనే.

గచ్చిబౌలి ఐఎస్‌బీ (బిజినెస్ స్కూల్) కోసమో, ఇంకెక్కడికైనానో జీమ్యాట్ (ఎంబీఏకి ఇంకో ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లకి కూడా ఏకబిగిన లెక్క ఇదే, కాకపోతే ఒక్కో సెక్షన్ 45 నిమిషాలు, వరుస మీ ఇష్టం. వాళ్ల అసలు సమస్య వేరు. తేదీ వాళ్ల చేతిలోనే ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి జరుపుతూ పోతారు. ముందు స్లాట్ బుక్ చేసి, ఆ తర్వాత పుస్తకం తెరవండి.

సమస్య: నవంబరులో ఆఫీసు పని మీద పడిపోతోంది

నవంబరు మొదటి వారంలో లీవ్ అడుగుతారు, మేనేజర్ రిలీజ్ ఉందంటాడు. రిజిస్ట్రేషన్ ఆగస్టులో తెరుస్తారు. ఫీజు కట్టిన రోజే పరీక్షకి ముందు గురువారం, శుక్రవారం సిస్టమ్‌లో లీవ్ పెట్టేయండి. కారణం "పర్సనల్" అని రాయండి, చాలు. మూడు నెలల ముందు అడిగితే ఒప్పుకోవడం మేనేజర్‌కి తేలిక, మూడు వారాల ముందు అడిగితే కష్టం. ఆ రెండు రోజుల్లో కొత్తగా ఏమీ చదవకండి. మీ స్లాట్ టైముకి రోజుకి ఒక్క సెక్షన్ చేసి, మిగతా టైమంతా నిద్రపోండి.