రోమన్ పద్ధతిలో గాజు గ్లాసులతో తొమ్మిదిమందికి విందు

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు కాలేజీ హిస్టరీ క్లబ్బులోనో, ఇంట్లో సరదాకో రోమన్ విందు పెట్టాలంటే ముందు గ్లాసులు చూసుకోండి. వంట తర్వాత సంగతి.

గొట్టంతో గాజు ఊదడం సిరియా, పాలస్తీనా తీరంలో క్రీ.పూ. 1వ శతాబ్దంలో మొదలైంది. ఆ తర్వాత ధర ఎంత పడిపోయిందంటే, రోమ్‌లో ఒక రాగి నాణేనికి గ్లాసు దొరికేదని ఆ కాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. కాబట్టి బంగారు అంచు సెట్ల జోలికి పోకండి. ఫిరోజాబాద్‌లో ఊదిన సాదా గ్లాసులు చాలు: 250 మి.లీ. పట్టేవి, అడుగు చదునుగా ఉన్నవి. కాడ ఉన్నవి వద్దు, రోమన్ విందులో పక్కకు ఒరిగి తింటారు కాబట్టి అలాంటివాళ్ల చేతిలో అవి నిలవవు. లేత నీలి ఆకుపచ్చ ఛాయ, అక్కడక్కడ బుడగలు ఉంటే మరీ మంచిది. ఇసుకలోని ఇనుము వల్ల రోమన్ గాజుకూ అదే ఛాయ వచ్చేది. రంగు లేనిదానికే ఎక్కువ విలువ అని రోమన్ రచయిత ప్లినీ అంటాడు. పుస్తకాల్లో తరచూ కనిపించే నిలువు చారల గిన్నెలు మాత్రం చాలావరకు ఊదినవి కావు.

గ్లాసులు పోయేది వేడినీళ్ల దగ్గర. రోమన్లు ద్రాక్షసారాలో వేడినీళ్లు కలుపుకునేవారు. వాళ్ల గాజైనా మన బజారు గాజైనా ఇసుక, సోడా, సున్నమే. వేడి తగిలితే లోపలి పొర సాగుతుంది, బయటి పొర ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ లాగుడుకి పగులుతుంది. అందుకే మందపాటి అడుగున్నదే ముందు పోతుంది, పల్చటిది తట్టుకుంటుంది. ఊదాక నిదానంగా చల్లార్చని గ్లాసైతే ఏ వేడీ తగలకుండానే ఒకరోజు చిట్లుతుంది. మరిగే నీళ్లు నేరుగా పోయకండి. ముందు గోరువెచ్చని నీళ్లు పోసి పారబోయండి. గ్లాసు తడి రాతిగచ్చు మీద కాక మడత పెట్టిన బట్ట మీద ఉండాలి.

పానీయానికి సారా అక్కర్లేదు. సంతలో దొరికే అడవితేనె 150 గ్రాములు, కాస్త నల్లద్రాక్ష రసం కలిపి సన్నసెగ మీద కాచి నురుగు తీయండి. పది మిరియాలు దంచి, ఒక బిర్యానీ ఆకుతో పాటు వేయండి. మసాలా ద్రాక్షసారాలో రోమన్లు ఈ జాతి ఆకునే వాడారు, అది మన దేశం నుంచే వెళ్లేది. వడగట్టి, మొత్తం లీటరు అయ్యేలా మిగతా రసం చేర్చండి. అందులో అప్పుడే మరిగిన లీటరు నీళ్లు పోస్తే వేడి 60 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తొమ్మిది గ్లాసులకు సరిపోతుంది.

మూడు చాపలు మూడు వైపులా పరిచి, నాలుగో వైపు వడ్డనకు వదలండి. మధ్యలో పీట. చాపకు ముగ్గురు, ఎడమ మోచేయి కింద బాలీసు, తిండీ తాగుడూ కుడిచేత్తోనే. మధ్య చాప చివరి చోటు ముఖ్య అతిథిది, దాన్ని ఆనుకున్న చాపలో మొదటి చోటు విందు ఇచ్చేవారిది. పులుసు, చేప ఊట లాంటివి కూడా చిన్న గాజు గిన్నెల్లోనే పెట్టండి. పులుపుకి రాగి, ఇత్తడి చిలుము పడతాయి, గాజుకు రుచీ వాసనా అంటవు.

కడిగాక ఆరబెట్టి సర్దండి. తడిగా న్యూస్‌పేపర్‌లో చుట్టి నెలల తరబడి ఉంచితే, గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఇళ్లలో మసకబారతాయి. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటే మెలితిప్పకండి. పైదాంట్లో చల్లనీళ్లు పోసి, కిందిదాన్ని గోరువెచ్చని నీళ్లలో ఉంచితే వదులవుతాయి.