పారూస్ బాటలో పెద్దవాళ్లతో నడిచే ముందు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, జయన్ నేషనల్ పార్కులో వర్జిన్ నది వెంట సాగే ఈ బాట రానూ పోనూ దాదాపు 5.6 కిలోమీటర్లు. ఎక్కడమంతా కలిపి 15 మీటర్లే, చక్రాల కుర్చీ సాఫీగా వెళ్తుంది. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను ధైర్యంగా తీసుకెళ్లండి. అయితే:

• నీడ చాలా తక్కువ. వేసవి మధ్యాహ్నం 38 డిగ్రీలు దాటడం మామూలే, కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. పొడిగాలికి చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతే తెలియదు. దాహం వేయకపోయినా గుక్కెడు తాగిస్తూ ఉండండి. ఎండలో నిలిపిన కుర్చీలో కూర్చోబెట్టే ముందు దాని ఇనుప భాగాలను చేత్తో తాకి చూడండి.

• సీసాలు బాట మొదట్లో ఉన్న విజిటర్ సెంటర్ దగ్గరే నింపుకోండి. నది నీరు ఎంత తేటగా కనిపించినా తాగవద్దు. అందులో విషం పుట్టించే సయనోబాక్టీరియా ఉండవచ్చు, చేతి ఫిల్టరు ఆ విషాన్ని ఆపలేదు.

• జులై నుంచి సెప్టెంబరు వరకు ఆకస్మిక వరదల భయం ఎక్కువ. మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన కురిసిన వాన చాలు. నీరు బురద రంగుకు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా వెంటనే ఒడ్డు వదిలి ఎత్తుకు వెళ్లండి.

• సైకిళ్లు, పెంపుడు కుక్కలు కూడా వస్తాయి. కుడివైపు నడవండి.

• షటిల్ బస్సులు తిరిగే రోజుల్లో బాట అవతలి చివర ఉన్న కేన్యన్ జంక్షన్ నుంచి బస్సులో వెనక్కి రావచ్చు. చక్రాల కుర్చీనీ ఎక్కించుకుంటారు. చివరి బస్సు వేళ ముందే చూసుకోండి.