హంసపాది సిద్ధబీజాలను మొలిపించిన తీరు

మహేంద్రగిరి వాగుల గట్లపై పెరిగే హంసపాది ఫెర్న్ సిద్ధబీజాలను (విత్తనాలకు బదులు ఫెర్న్‌లు రాల్చే పొడిలాంటి కణాలను) పర్లాకిమిడిలోని మా ఇంట్లో, లవణాలు తొలగించిన శుద్ధజలంతో తడిపిన వడపోత కాగితంపై చల్లి చీకటి బీరువాలో ఉంచితే, తేమ, వెచ్చదనం సరిపోయినా గోధుమరంగు పొడిలో చలనం లేకపోయింది. అనేక ఫెర్న్‌లకు మొలకెత్తడానికి వెలుతురు తప్పనిసరి: ఎర్ర కాంతి ఫైటోక్రోమ్ అనే వర్ణకాన్ని చురుకైన రూపానికి మారుస్తుంది, దూర ఎర్ర కాంతి (ఎరుపు అంచుకు అవతల, కంటికి అంతగా ఆనని కాంతి) దాన్ని వెనక్కి తిప్పుతుంది. ఆకులు ఎర్ర కాంతిని పీల్చుకొని దూర ఎర్ర కాంతిని కిందికి వదులుతాయి; అందుకే దట్టమైన ఆకుల నీడ, ఎంత చల్లగా ఉన్నా, ఈ పనికి తగదని నా అభిప్రాయం.

ఆ కాగితం ఉన్న పళ్లేన్ని ట్యూబ్‌లైటు కిందకు మార్చాక కొన్నే మొలిచాయి. ఒనోక్లియా ఫెర్న్‌పై వేన్, హెప్లర్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎర్ర కాంతి ఇచ్చిన సంకేతం ఫలించాలంటే బయటి నుండి కాల్షియం అందాలి. శుద్ధజలంలో అది ఉండదు కనుక, చిటికెడు కాల్షియం క్లోరైడ్ కరిగించిన నీటితో కొత్త కాగితాన్ని తడిపి, మళ్లీ చల్లి, వెలుతురులోనే ఉంచాను. ఈసారి భూతద్దంలో ఎంత ముచ్చటగా కనిపించాయో! బీజకవచంపై మూడు గీతలు కలిసే చోట పగులు విచ్చి, వేరులా పనిచేసే రంగులేని సన్నని మూలతంతువు, దాని పక్కనే పచ్చని కణం వెలికి వచ్చాయి. ఫాస్ఫేటు ఉన్న పోషక ద్రావణం వాడదలచినవారు కాల్షియంను విడిగా, బాగా పలుచన చేసి చివరగా కలపాలి. చిక్కగా కలిపితే రెండూ కలిసి తెల్లని మడ్డిగా అడుగున చేరతాయి.